గుర్రం గడిలో బంటు

బాలికల గురుకులం, బుద్వేల్
ఆగస్టు 11

బాపూ,

గెలిచాను. జిల్లా టోర్నమెంటులో పదిహేనేళ్లలోపు ఆడపిల్లల్లో ఫస్ట్ నేనే. ఆరు రౌండ్లలో అయిదు గెలిచి, ఒకటి డ్రా చేశాను. ఆదివారం ఫోన్లో చెబుదామంటే, హాస్టల్ వాళ్లిచ్చే పది నిమిషాల్లో తొమ్మిది అమ్మ తలనూనె గురించీ దుప్పటి గురించీ అడగడానికే సరిపోయాయి. మిగిలిన నిమిషంలో "ఫస్టొచ్చిన" అన్నాను. "క్లాసులనా?" అంది. అంతలో వెనకున్న పిల్ల ఫోను లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

చివరి ఆట అత్తాపూర్ నుంచి వచ్చిన అరుణతో. ఆమెదీ తొమ్మిదో తరగతే. కానీ ఆమెకు సొంతంగా కోచ్ ఉంది, నీళ్ల సీసా మీద తన పేరు కూడా ఉంది. నలభై ఎత్తుల దాకా ఆమెదే పైచేయి. చివరికి నాకు మిగిలిన ఆశల్లా ఒక్క బంటు. అది మెల్లగా నడుచుకుంటూ చివరి వరుసకు చేరింది. అక్కడ అందరూ మంత్రిని పెట్టుకుంటారు. నేను గుర్రాన్ని పెట్టాను. దాంతో ఆమె రాజుకు షా తగిలింది, ఆమె మంత్రి కూడా గుర్రం దెబ్బలోనే ఉంది. రాజు తప్పుకోక తప్పలేదు, మంత్రి పోయింది. ఇంకో ఆరు ఎత్తుల్లో ఆట ముగిసింది.

అరుణ కోచ్ పేరు అనుపమ మేడమ్. రాజమండ్రి వైపు వాళ్లట. బల్ల దగ్గరికి వచ్చి, "మంత్రి దొరుకుతుంటే గుర్రం చాలనుకున్నావా అమ్మా? నీ వయసులో నాకైతే ఆ ఆలోచన వచ్చేది కాదు" అన్నారు. అత్తాపూర్‌లో ఆమె నడిపే చెస్ క్లాసులో ఏటా సర్కారు బడి పిల్లకు ఒక సీటు ఉచితంగా ఇస్తారు. ఆ గుర్రాన్ని చూశాక ఈ ఏడు ఇంకెవరినీ వెతకనన్నారు. శని, ఆదివారాలు క్లాసు. మా పీఈటీ భాగ్యమ్మ టీచర్ తీసుకెళ్లి తీసుకొస్తారు. నవంబరులో రాష్ట్ర పోటీలకు అనుపమ మేడమే తయారు చేస్తారు. ఫారం మీద నీ సంతకం కావాలి.

బాపూ, నాకు ఆ సీటు కావాలి. ఈ ఏడాది ఇంకేమీ అడగను.

నీ బిడ్డ
సంతోషి

*

ఎయిర్‌పోర్టు క్యాబ్ పార్కింగ్, శంషాబాద్
ఆగస్టు 16

జిల్లా విజేత సంతోషమ్మగారి సముఖానికి, ఆమె కన్నతండ్రి రవీందర్ కాలు మీద కాలేసుకుని రాయించుకోక, స్వయంగా రాస్తున్న ఉత్తరం.

నా వంతు రావాలంటే ఇంకా రెండు గంటలు పడుతుంది. సీటు వెనక్కి వాల్చి తీరిగ్గా రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజే పార్కింగులో అందరికీ చదివి వినిపించాను. ఏడేళ్లప్పుడు అమ్మ వెంట నాకు సద్ది తెచ్చి, ఈ రేకుల షెడ్డు కింద అట్టముక్క మీద గీసిన గడుల్లోనే కదా నువ్వు ఆట నేర్చుకున్నది. కాబట్టి ఇక్కడున్న ప్రతి డ్రైవరూ ఇప్పుడు నీకు గురువే. ఒక్క ఎత్తు నేర్పనివాళ్లు కూడా గురువులే.

గుర్రం దగ్గరికి వచ్చేసరికి సత్తయ్య మామ "మల్ల సదువు" అన్నాడు. నాలుగుసార్లు చదివించుకున్నాడు. "మంత్రిని కాదని గుర్రం తెచ్చుకున్నదంటే మామూలు దిమాక్ కాదు రవీందర్. నీది మాత్రం కాదు" అన్నాడు.

మన పార్కింగు శ్రావణ్‌కుమార్ ఊరి మలుపులో ఫ్లెక్సీ కట్టించాడు. నీ ఫొటో పక్కన గుర్రం బొమ్మ వేయమంటే, ఫ్లెక్సీ దుకాణంలో ఉన్నది పెళ్లి బరాత్ గుర్రం ఒక్కటేనట. జరీ గుడ్డ, నెత్తిన కుచ్చు, అంతా ఉంది. దూరం నుంచి చూసినవాళ్లు నీకు సంబంధం కుదిరిందనుకుంటున్నారు. "మా పోరికి పద్నాలుగేండ్లే, అది ఆటల గుర్రం" అని రోజుకు పదిమందికి చెప్పలేక మీ అమ్మ మంజుల ఆ దారిన పోవడమే మానేసింది.

కారెక్కిన ప్రతివాళ్లకూ నీ ఆట చెబుతున్నాను. నిన్న ఒకాయనకు మెహదీపట్నం దాకా ఎత్తు ఎత్తూ వివరించాను. ఆయనకు తెలుగు రాదని దిగేటప్పుడు తెలిసింది.

ఆ గుర్రం మాట మొదట చదివినప్పుడు మాత్రం ఉత్తరం సీటు మీద పెట్టి కారు దిగిపోయాను. తర్వాత తేరుకున్నాను. సంతకం చేసిన ఫారం ఇందులోనే పెట్టాను. బాగా తిను.

మీ బాపు

*

బుద్వేల్
ఆగస్టు 31

బాపూ,

ఈ ఉత్తరం పార్కింగులో చదవొద్దు. కారు అద్దాలు ఎక్కించుకుని ఒక్కడివే చదువు.

ఆ గుర్రాన్ని నేను ఆలోచించి పెట్టలేదు.

మన ఆటలో బంటు చివరి వరుసకు చేరితే, ఏ పావు గడిలో చేరిందో ఆ పావే అవుతుంది. ఏనుగు గడికి పోతే ఏనుగు, గుర్రం గడికి పోతే గుర్రం. నువ్వు నేర్పింది అదే, పార్కింగులో అందరూ ఆడేదీ అదే. టోర్నమెంటులో అట్లా కాదు. ఎక్కడ చేరినా మనకు ఏది కావాలంటే అది తెచ్చుకోవచ్చు. భాగ్యమ్మ టీచర్ ఈ మాట మూడుసార్లు చెప్పారు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. కానీ ఆ రోజు నా బంటు గుర్రం గడిలో చేరింది, నా చెయ్యి పక్కనున్న గుర్రాన్ని తీసి పెట్టేసింది. పెట్టాక మార్చుకోవడానికి లేదు. అయిపోయాను అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు చూస్తే అరుణ మొహం తెల్లబోయి ఉంది. ఎందుకా అని బల్ల వైపు చూస్తే అప్పటికి తెలిసింది నాకు.

క్లాసులో మేడమ్ మొదటి రోజే ఆ ఆటను పెద్ద బోర్డు మీద పేర్చారు. "ఇక్కడ మంత్రిని ఎందుకు వద్దనుకున్నావో అందరికీ చెప్పమ్మా" అన్నారు. ఇరవైమంది నా వైపే చూస్తున్నారు. "మంత్రిని పెడితే అరుణ వరుసగా షా చెబుతూ డ్రా చేసేది మేడమ్" అన్నాను. అది నిజమే. కానీ నేను హాస్టలుకు వచ్చి రెండు రోజులు కూర్చుంటే తేలిన నిజం. మేడమ్ మెచ్చుకున్నారు. అరుణ అది బుక్కులో రాసుకుని కింద గీత గీసుకుంది.

ఇప్పుడు ప్రతి క్లాసులో ఎవరో ఒకరు ఆ గుర్రం మాట ఎత్తుతారు. అరుణ తల వంచుకుంటుంది. మొన్న బస్టాపు దాకా నాతో నడిచి, "నేనెంత చదివినా నీలా తట్టదు. వచ్చే ఏడాది మానేస్తానేమో" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. చెబితే సీటు పోతుంది. సీటు ఇచ్చిందే ఆ ఎత్తుకు. ఏం చేయమంటావు?

సంతోషి

*

శంషాబాద్
సెప్టెంబరు 5

బిడ్డా,

చెప్పకు.

గెలిచావా లేదా? కప్పు ఇచ్చారా లేదా? ఎత్తు నీ చేత్తో వేసిందే. చెయ్యి వేసిందా, తల వేసిందా అని ఏ రూలు పుస్తకమూ అడగదు. అరుణకు కోచ్ ఉంది, తల్లిదండ్రులున్నారు, వాళ్లు చూసుకుంటారు. నీకు ఆ సీటు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? నేను కారు నడిపి నిన్ను కోచ్ దగ్గర పెట్టగలిగేవాణ్నయితే ఇట్లా రాయను.

ఇంకో మాట. చెబితే నవ్వుతారు. నువ్వు చిన్నదానివి, ఆ నవ్వు క్లాసుగదిలోనే ఆగుతుందనుకుంటావు. ఆగదు. ఇంటిదాకా వస్తుంది, మంచం పక్కన కూర్చుంటుంది. నా మాట విను.

రేపు వినాయక నిమజ్జనం. బాలాపూర్ లడ్డూ వేలం చూస్తామని ఇద్దరు ముసలాళ్లు తెల్లారి అయిదింటికే కారు చెప్పారు. మీ అమ్మ నీకు అరిసెలు పంపుతోంది. అరుణకు కూడా రెండు పెట్టు.

మీ బాపు

*

బుద్వేల్
సెప్టెంబరు 22

బాపూ,

చెప్పేశాను. నువ్వు వద్దన్నావు, నేను చెప్పేశాను. అరిసె పెడితే అరుణ "థ్యాంక్స్" అని ఎంత చిన్న గొంతుతో అందో నువ్వు వినలేదు. విని ఉంటే నువ్వే చెప్పమనేవాడివి.

మేడమ్ కొత్తగా చేరిన పిల్లలకు మళ్లీ అదే ఆట పేరుస్తుంటే లేచి నిలబడ్డాను. "మేడమ్, ఆ గుర్రం నేను సోంచాయించి పెట్టలే. మా ఆటల గుర్రం గడికి పోతే గుర్రమే అయితది. అలవాటుల పెట్టిన" అన్నాను. కంగారులో మన ఇంటి మాటే వచ్చేసింది.

మేడమ్ చేతిలో బంటు అలాగే ఉంది. "మరి ఆ రోజు షాల సంగతి చెప్పావు కదమ్మా?"

"తర్వాత చూసుకున్న మేడమ్. అప్పుడు అబద్ధం చెప్పిన."

ముందు నవ్వింది అరుణ. మామూలుగా కాదు, బల్ల మీద తల పెట్టి నవ్వింది. తర్వాత లేచి, "అయితే నేను నెల రోజులు ఎవరిని చూసి ఏడ్చినట్టు?" అని నన్ను నోటుబుక్కుతో కొట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది నాతో పాటు ఇంటికేమీ రాలేదు బాపూ, అక్కడే అయిపోయింది.

మేడమ్ మాత్రం నవ్వలేదు. క్లాసు అయ్యాక పిలిచి, "నిజం చెప్పినందుకు సంతోషం. కానీ నేను సీటిచ్చింది ఆ ఎత్తు చూసి. ఆ ఎత్తు నీది కాదన్నప్పుడు ఆ సీటు కూడా నీది కాదు కదా అమ్మా" అన్నారు. అక్టోబరు 12న సర్కారు బడుల పిల్లలందరికీ పరీక్ష పెడతారట. పందొమ్మిది మంది పేర్లిచ్చారు. "నువ్వూ వచ్చి కూర్చో" అన్నారు. అప్పటిదాకా నాకు క్లాసు లేదు.

సీటు పోయిందని ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. కోపమొస్తే రాయి. కానీ ఒకటి చెప్పు. ఊరందరినీ ఆటపట్టించే నువ్వు, ఎవరో నవ్వుతారని అంత భయపడ్డావెందుకు?

సంతోషి

*

శంషాబాద్
సెప్టెంబరు 30

బిడ్డా,

మూడు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఈసారి చింపను.

నాకు ఇంటర్ అయిన ఏడాది, నాంపల్లి దగ్గర ఒక హాల్లో టోర్నమెంటుకు పోయాను. శంషాబాద్ చుట్టుపక్కల నన్ను ఓడించే మొగోడు లేడని మీ తాత బిక్షం కొత్త చొక్కా కుట్టించి బస్సెక్కించాడు. మొదటి ఆటలోనే గెలుపు నా చేతిలోకి వచ్చింది. నా బంటు చివరి వరుసకు చేరింది. ఏనుగు గడి. నేను ఏనుగును పెట్టాను. మంత్రిని పెట్టి ఉంటే అక్కడికక్కడే ఆట కట్టు. ఏనుగుతో ఏమీ కాలేదు, ఓడిపోయాను. పక్క బల్లలవాళ్లను కూడా పిలిచి చూపించారు. "ఊరి ఆటరా బాబూ" అని ఒకడన్నాడు. హాలంతా నవ్వింది. మిగిలిన ఆటలకు కూర్చోకుండా బస్సెక్కి వచ్చేశాను. జ్వరమొచ్చి ఆడలేదని మీ తాతకు చెప్పాను. ఆయన చివరిదాకా అదే నమ్మాడు.

అప్పుడే రూలు నేర్చుకుని నీకు సరిగ్గా నేర్పి ఉంటే అయిపోయేది. మొండికేశాను. మన ఆటే ఆట, వాళ్లదే తప్పు అనుకుంటూ అదే నీకూ నేర్పాను. నీ మొదటి ఉత్తరంలో "గుర్రాన్ని పెట్టాను" అన్న చోట కారు దిగిపోయింది అందుకే. పైన గెలిచానని రాసి ఉన్నా, నువ్వు ఓడిపోయావనే అనుకున్నాను. కింది లైను చదివాక ఊరంతా డప్పు కొట్టానే, అందులో సగం నీ కోసం, సగం నా కోసం. నిన్ను నోరు మూసుకోమన్నదీ నా కోసమే. తప్పు నాది, సంతోషీ.

నీ ఉత్తరంలో "అక్కడే అయిపోయింది" అన్న మాట రెండుసార్లు చదివాను. తర్వాత కారు దిగి, షెడ్డు కిందికి పోయి రెండూ చెప్పాను. నీ గుర్రం సంగతి, నా ఏనుగు సంగతి. ఆడుతున్నవాళ్లు పావులు వదిలేసి విన్నారు. చివరికి సత్తయ్య మామ, "గింత ముచ్చటకు ఇరవై రెండేండ్లు మూతి ముడుసుకున్నవారా? నీ పోరి నెల రోజులల్ల తేల్సింది" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వూ వచ్చింది, కంట్లో నీళ్లూ వచ్చాయి.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెబితే, "నాకు పెండ్లైన కొత్తల్నే ఎర్కే. మీ అక్క చెప్పింది. నువ్వు చెప్తవేమోనని చూస్తున్న" అని కూర కలుపుకుంటూ పోయింది.

పరీక్షకు పో. సీటొచ్చినా రాకపోయినా నా లెక్కలో నువ్వు గెలిచావు. పార్కింగులో ఇప్పుడు టోర్నమెంటు రూళ్లతోనే ఆడుతున్నాం. సత్తయ్య మామ నాలుగు బంట్లను నాలుగు మంత్రులు చేసుకుని అందరినీ పరేషాన్ చేస్తున్నాడు.

మీ బాపు

*

బుద్వేల్
నవంబరు 24

బాపూ,

నీ ఉత్తరం దాచుకున్నాను. అరుణకు తప్ప ఎవరికీ చూపించలేదు. చదివి, "ఆ హాలు ఎక్కడుందో చెప్పు, పోయి వాళ్లను నేను కొట్టొస్తాను" అంది. నోటుబుక్కుతోనే అనుకుంటా.

పరీక్షలో ఫస్టొచ్చి సీటు తెచ్చుకున్న సంగతి అమ్మకు ఫోన్లో చెప్పాను. ఆ తర్వాతిది నువ్వే ముందు వినాలని దాచిపెట్టాను. నిన్న రాష్ట్ర పోటీలు అయిపోయాయి. నేను మూడో స్థానం. రాష్ట్ర జట్టులో నా పేరుంది బాపూ! జాతీయ పోటీలకు పోతున్నాను. అరుణ ఆరోది. ఫలితాలు అంటించినప్పుడు నాకంటే గట్టిగా అరిచింది ఆమే.

తొమ్మిది ఆటల్లో ఒక్కచోట కూడా గొప్ప ఎత్తు లేదు. అన్నీ మామూలుగా, కూర్చుని, ఆలోచించి గెలిచినవే. అయిదో ఆట నాలుగు గంటలు పట్టింది. ఒక్కొక్క ఎత్తూ ఎందుకు వేశానో ఇప్పుడు అడిగినా చెబుతాను. మేడమ్ నా స్కోరుషీట్లన్నీ చూసి, "ఇప్పుడు ఇచ్చాను సీటు" అన్నారు. సీటొచ్చి నెల దాటింది కదా మేడమ్ అందామనుకుని ఊరుకున్నాను.

వచ్చే వారం నుంచి వరంగల్‌లో క్యాంపు. అక్కడికే రాయి, అడ్రసు వెనక ఉంది.

ఇందులో ఒక ఫారం పెట్టాను, జాగ్రత్తగా విను. డిసెంబరు 14న అత్తాపూర్‌లో మేడమ్ ఓపెన్ టోర్నమెంటు పెడుతున్నారు. వయసు పట్టింపు లేదు. పేరు దగ్గర నేనే "రవీందర్, శంషాబాద్" అని రాసేశాను. మేడమ్‌కు చెప్పాను కూడా. ఈసారి సంతకం నీది కావాలి, నీ కోసం.

నీ బిడ్డ
సంతోషి

*

శంషాబాద్
డిసెంబరు 15

రాష్ట్ర జట్టు సభ్యురాలైన మా బిడ్డకు,

ముందు ఫలితం చెప్పేస్తాను, లేకపోతే చివరి పేజీ ముందు చదువుతావు. ఆరు ఆటలు. రెండు గెలిచాను, నాలుగు ఓడాను. మేడమ్ "మొదటి టోర్నమెంటుకు బాగా ఆడారండీ" అన్నారు. నేను దండం పెట్టి వచ్చేశాను.

మీ అమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగి పంపింది. పార్కింగు నుంచి తొమ్మిది మంది వచ్చి గోడ వారగా నిలబడ్డారు. మాట్లాడొద్దని చెప్పినా సత్తయ్య మామ ప్రతి ఎత్తుకూ దగ్గాడు. రెండుసార్లు బయటికి పంపించారు. హాల్లో అడుగుపెట్టగానే వెనక్కి తిరిగాను, నిజం. అరుణ వచ్చి చెయ్యి పట్టుకుని నా బల్ల దాకా తీసుకెళ్లింది. నువ్వు చెప్పిపోయావట.

మొదటి ఆట ఎవరితోనో తెలుసా? తొమ్మిదేళ్ల పాపతో. రెండు జడలు, కాళ్లు నేలకు అందడం లేదు. ముప్ఫై ఎత్తులు కూడా కాకముందే నన్ను మూలకు తోసేసింది. ఇగ ఓటమి ఒప్పుకుని చెయ్యి చాచాను. పాప చెయ్యి కలిపింది. జాలిగా మొహం పెట్టి, మెల్లగా నాకొక్కడికే వినబడేలా అడిగింది.

"అంకుల్, ఫస్ట్ టైమా?"

"లేదు బిడ్డా," అన్నాను, "రెండోసారి."

మీ బాపు